ఏదెను తోటలో సీతాఫలం

ఈ కథలో నేను పామును. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

నా అసలు పేరు సుదర్శన్. హనుమకొండలో ఎమ్మే ఇంగ్లీషు ఫైనలియర్. హీరో వేషం దొరుకుతుందని కొత్త చొక్కా వేసుకుని సెలక్షన్‌కు పోయాను. సదానందం సార్ నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"పొడుగ్గ ఉన్నవ్, సన్నగ ఉన్నవ్. లోపల ఎముకలున్నయో లేవో గూడ డౌటే. నువ్వు పాము."

హీరో వేషం నా రూమ్మేట్ భానుచందర్‌కు పోయింది. న్యాయంగా చూస్తే పోవాల్సిందే. ఆ నాటకం రాసింది వాడే మరి.

సంగతేమిటంటే, ఆదాము హవ్వల కథ మీద మా సిలబస్‌లో ఒక పొడుగాటి ఇంగ్లీషు కావ్యం ఉంది. కథ చిన్నదే. దేవుడు ఏదెను అని ఒక తోట చేసి మొదటి జంటను అందులో పెట్టాడు. అన్నీ తినండి, ఆ ఒక్క చెట్టు పండు మాత్రం ముట్టొద్దన్నాడు. పాము వచ్చి హవ్వకు ఆశ పెట్టింది. హవ్వ తిని ఆదాముకు పెట్టింది. దేవుడు ఇద్దరినీ బయటికి గెంటేశాడు. కాజీపేటలో బస్సెక్కి హనుమకొండలో దిగేలోగా చెప్పేయొచ్చు. కానీ కవి అన్నాక ఊరుకుంటాడా? నెలల తరబడి క్లాసు వింటున్నాం, పాము ఇంకా చెట్టు దాకా రాలేదు.

సదానందం సార్‌కే విసుగు పుట్టింది. "ఇదే కథను తెలుగు ద్విపదల రాసి యాన్యువల్ డేకు ఆడుదాం. అప్పుడన్న మీ బుర్రలకు ఎక్కుతది" అన్నారు.

భాను రఘునాథపల్లి భజన మండలిలో పెరిగినవాడు. నిద్రలో కూడా కాలితో తాళం వేస్తాడు, ఆ కాలు ఎక్కువగా నా నడుముకే తగులుతుంది. దసరా సెలవుల్లో కూర్చుని ద్విపద కావ్యం రాసుకొచ్చాడు. క్లాసులో నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

తోటలో నున్నట్టి తొలిజంట జూచి
మాటలో తేనెలు మరిగించె పాము

క్లాసంతా చప్పట్లు. పామును నేనే కాబట్టి లేచి అందరికీ దండం పెట్టాను. అప్పుడు కిటికీ పక్క బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది.

"తేనె మరిగిస్తే మాడిపోతది గదా?"

ఆ గొంతు యమునది. హనుమకొండ చౌరస్తాలో పాండురంగం గారి బట్టల షాపుందే, ఆయన ఒక్కగానొక్క కూతురు. బేరం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇంటర్నల్ మార్కుల దగ్గర సార్‌తో కూడా బేరమాడి గెలిచిన మనిషి.

భాను చెవులు ఎర్రబడ్డాయి. "ఇది కవిత్వం."

"కవిత్వంల తేనె మాడదా?"

"ప్రాస కుదరాలె. తోటకు మాట కుదిరింది. మాటకు యతి కావాలె, మరిగించె వచ్చింది."

"అంటే యతి కోసం తేనె ఖరాబు చేస్తవా? మా షాపుల గిట్ల చేస్తే కస్టమర్లు కొడతరు."

"నీకు కవిత్వం తెల్వదు."

"నీకు తేనె తెల్వదు."

సార్ బల్ల మీద కొట్టారు. "యమునా, నీకు నోరు బాగుంది. నువ్వే హవ్వ."

"నోటికీ హవ్వకూ సంబంధమేంది సార్?"

"ముందుగాల తిన్నది ఆమెనే గదమ్మా."

అట్లా మొదలైంది.

మొదటి గొడవ బట్టల దగ్గర వచ్చింది. కావ్యం ప్రకారం ఏదెను తోటలో ఆదాము హవ్వల ఒంటి మీద నూలుపోగు ఉండదు. ఆ సంగతి పాండురంగం గారికి ఎవరు చెప్పాలి? నాటకానికి బట్టలన్నీ నేనే ఇస్తానని ఆయన అప్పటికే మాటిచ్చి ఉన్నారు. ఆహ్వాన పత్రికలో ఆయన పేరు కూడా అచ్చయింది. చివరికి సారే పోయి, నసుగుతూ, "మోదుగాకులు కుట్టి చుడుదామని..." అన్నారు.

పాండురంగం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సార్, మా దుకాణంల ఇంత బట్ట పెట్టుకొని నా బిడ్డ ఆకులు కట్టుకుంటదా? నలుగురు చూస్తే నా షాపు దివాలా తీసిందనుకుంటరు."

అట్లా మా హవ్వకు ఆకుపచ్చ పట్టుచీర వచ్చింది. అంచులో మాత్రం ఆకుల డిజైను. ఆదాముకు జరీ పంచె. నాకు కోటు లోపల వేసే జారుడు గుడ్డతో మెడ నుంచి కాళ్ల దాకా ఒక సంచి, నెత్తి మీద చెమ్కీల పడగ. వేసుకుంటే మూత్రానికి పోవాలన్నా ఇద్దరు సాయం పట్టాలి.

"ఏదెను తోటల పట్టుచీర ఎవరు నేసిండ్రు?" అని భాను అడిగాడు.

"ఎవరు నేస్తే ఏంది? అప్పటికి జీఎస్టీ లేదు, చవకకే వచ్చి ఉంటది" అంది యమున.

రెండో గొడవ పండు దగ్గర. అందరూ ఆపిల్ అన్నారు. భాను ససేమిరా అన్నాడు. "మా ఊర్ల ఆపిల్ చెట్టు ఎవడు చూసిండు? మా అమ్మ చూడనీకి వస్తాంది. సీతాఫలమైతే ఆమెకు తెలుస్తది."

"సీతాఫలం తింటే గింజలు ఊయాలె. మానవజాతి పతనమైతాంటే గింజలు ఊసుకుంట కూసుంటమా?"

"పతనం మెల్లగనే కావాలె యమునా. దబదబ అయితే ట్రాజెడీ ఉండదు."

ఆమె నవ్వేసింది. మొదటిసారి వాడి మాటకు నవ్వింది. ఆ నవ్వు చూసి మావాడు రిహార్సల్‌లో తన డైలాగు మరిచిపోయాడు. నేను వెనక నుంచి అందించినా, కంగారులో నా డైలాగే చెప్పాడు. ఆదాము వచ్చి హవ్వను పండు తినమని బతిమిలాడటం మొదలుపెట్టేసరికి సార్ రిహార్సల్ ఆపేశారు.

ఆ రోజు వాన పడింది. అక్టోబరు వానకు వేళాపాళా ఉండదు. కాలేజీ వరండాలో అందరం నిలబడ్డాం. యమున చేయి బయటికి చాపి చినుకులు పట్టింది. భాను ఆ చేతినే చూస్తున్నాడు. ఆమె అరచేతిలోని నీళ్లు వాడి మొహం మీద చల్లింది. వాడు తుడుచుకోలేదు. హాస్టల్‌కు వచ్చాక కూడా తుడుచుకోలేదు, ఎండిపోయే దాకా అట్లాగే కూర్చున్నాడు. నాకు విషయం అర్థమైంది. మీకు కూడా అయ్యే ఉంటుంది. అర్థం కానిది వాడికొక్కడికే, నోరు తెరిచి ఎట్లా చెప్పాలో అని.

మూడో గొడవ మాత్రం నిజమైన గొడవ. పండు తిన్నాక దేవుడు వచ్చి అడుగుతాడు, ఎందుకు తిన్నావని. దానికి ఆదాము జవాబు భాను ఇట్లా రాశాడు.

ఆలియే యిచ్చెను అది తింటినయ్య
చాలయ్య కోపంబు చల్లారవయ్య

యమున కాగితం కింద పెట్టింది. "ఇదేంది?"

"ఏది?"

"దేవుడు అడుగంగనే పెండ్లాం మీద తోసేసుడు. ఆమె ఏమన్న ముక్కు మూసి తినిపించిందా?"

"అసలు కథల్నే గట్లుంది. నేను కలిపింది కాదు."

"అసలు కథల సీతాఫలం ఉన్నదా? పట్టుచీర ఉన్నదా? అవి మార్చినోనివి ఇది మార్చలేవా?"

"ఆదాము క్యారెక్టరే అంత యమునా. భయపడ్డడు పాపం."

"భయపడుడు తప్పు కాదు. పక్కనున్న మనిషిని చూపెట్టి తప్పించుకునుడు తప్పు."

వాడు మార్చలేదు. కవులకు సొంత ద్విపద కన్నబిడ్డ కంటే ఎక్కువ. యమున మూతి ముడుచుకునే ఆ సీను చేసింది. అయినా మరుసటి రోజుకు మళ్లీ ఇద్దరూ ఒకరి టిఫిన్ ఒకరు తింటున్నారు. నా టిఫిన్ కూడా వాళ్లే తిన్నారు.

ఇక యాన్యువల్ డే దగ్గరికొచ్చింది. భాను రోజూ నన్ను సతాయించడం మొదలుపెట్టాడు. "అరేయ్ సుదర్శన్, ఒక్కసారి యమునతోటి బయట మాట్లాడాలెరా. నువ్వు అడుగు. నువ్వు అడిగితే వస్తది."

"నేనెందుకు అడగాలె?"

"నువ్వు పామువు గదరా. అది నీ డ్యూటీ."

సరే, అడిగాను. సీతాఫలం తినడం ప్రాక్టీసు చేయాలి, భద్రకాళి చెరువు కట్ట మీద కలుద్దాం అని చెప్పాను. యమున నన్ను కాసేపు చూసి, "ప్రాక్టీసా? ఆ మాట చెప్పనీకి నిన్ను పంపిండా? సరే, వస్త. కానీ కాలేజీ నుంచి సీదా ఇంటికి రావాలెనని మా డాడీ ఆర్డరు. అడిగితే ఏం చెప్పాలె?" అంది.

"మీ డాడీ షాపుల ఉంటడు గదా. ఆయనకెట్ల తెలుస్తది?" అన్నాను. పాము అనేవాడు ఎప్పుడూ ఇదే మాట అంటాడు.

కట్ట మీద సాయంత్రం గాలి బాగుంది. నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను, మరీ వినపడనంత ఎడంగా కాదు. యమున సీతాఫలం విప్పి సగం వాడికిచ్చింది. వాడు తిన్నాడు. గింజలు నీళ్లలోకి ఊశాడు. మళ్లీ తిన్నాడు.

"ఏదో మాట్లాడనీకే గదా రమ్మన్నవ్?" అంది.

"అవును."

"మాట్లాడు మరి."

"యమునా... నువ్వు... ఈ సీతాఫలం బాగుంది."

"ఇంకా?"

"తియ్యగుంది."

నాకు పోయి వాడి నెత్తి మీద ఒకటి వేయాలనిపించింది. యమున మాత్రం ఓపికగా, నవ్వాపుకుంటూ చూస్తోంది. "గింజలు ఉంచుకొని మాట్లాడకు. ఊసి చెప్పు" అంది. వాడు గింజలు ఊశాడు. ఊపిరి పీల్చుకున్నాడు. చెప్పేసేవాడే, ఒట్టు.

ఆ రోజు శుక్రవారం. పాండురంగం గారు శుక్రవారం శుక్రవారం భద్రకాళి గుడికి వస్తారని నాకు తెలియదు. నుదుట కుంకుమతో, చేతిలో కొబ్బరి చిప్పతో, ఆయన మా వెనకే నిలబడి ఉన్నారు.

"యమునా. ఇక్కడేం చేస్తానవ్?"

ఆమె లేచి నిలబడింది. చేతిలో సగం సీతాఫలం అట్లాగే ఉంది. ఆయన చూపు భాను వైపు తిరిగింది. "నువ్వెందుకొచ్చినవ్ పిలగా?"

భాను మొహం తెల్లబోయింది. వాడి నోటి నుంచి వచ్చిన మాట నేను నా చెవులతో విన్నాను.

"యమున రమ్మంది అంకుల్. నేను వచ్చిన."

వాడు రాసిన ద్విపదనే వాడు వచనంలో చెప్పాడు. అదీ పచ్చి అబద్ధం. రమ్మన్నది వాడు. నన్ను సతాయించి, నాతో అడిగించి, పొద్దున్నుంచి మూడు చొక్కాలు మార్చి వచ్చింది వాడు.

యమున వాడిని ఒక్కసారి చూసింది. కోపంగా కూడా కాదు, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, "అవును డాడీ. నేనే రమ్మన్న" అంది.

ఆయన నా వైపు చూశారు. "నువ్వెవరు?"

గాభరాలో నోటికొచ్చింది చెప్పాను. "పామును అంకుల్."

"అనుకున్న. షాపుల కనబడితే కట్టె తీసుకునేటోన్ని." ఆయన మళ్లీ భాను వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "రమ్మంటే వచ్చినవా బాబూ? రేపు ఇంకెవరన్న పొమ్మంటే పోతవ్."

తండ్రీ కూతుళ్లు స్కూటీ మీద వెళ్లిపోయారు. భాను కట్ట మీదే కూర్చున్నాడు. అనాల్సిందంతా ఆ పెద్దాయన అనేశారు.

యమున నాటకం మానలేదు. ఇంట్లో మానమన్నారట. "నేను తప్పేం చేసిన్నని మానాలె?" అందట. పాండురంగం గారికి కూడా ఆ మాట నచ్చి ఉండాలి, పైగా పత్రికలో పేరు అచ్చయి ఉందాయె. రిహార్సల్‌కు వచ్చేది, హవ్వ మాటలు ఒప్పజెప్పేది, బ్యాగు వేసుకుని వెళ్లిపోయేది. భానుతో ఒక్క ముక్క అదనంగా లేదు.

ఒకరోజు గేటు దగ్గర వాడు అడ్డం పోయాడు. "యమునా, సారీ."

"సారీ నాకెందుకు? నా ముంగట నువ్వు ఎప్పుడూ మంచోనివే. మా డాడీ ముంగట ఎవరివి?"

"భయమైంది."

"నాకు గాలేదా?" ఆమె జారిన బ్యాగు భుజానికి ఎగేసుకుంది. "భానూ, నువ్వు ఏదో ఒకటి చెప్తవని నేను కట్ట మీద ఎంత ఆశపడి కూసున్ననో తెలుసా? ఏం చెప్పినవ్? సీతాఫలం తియ్యగుంది. తర్వాత యమున రమ్మంది. అంతే గదా?"

రాత్రి వాడు అన్నం తినలేదు. "ఆమె లేకుండ నా వల్ల కాదురా" అన్నాడు. నాకు చెప్పి ఏం లాభం? నేను పామును.

యాన్యువల్ డే వచ్చింది. రఘునాథపల్లి నుంచి భాను అమ్మ యాకమ్మ ట్రాలీ ఆటో మాట్లాడుకుని, వాడకట్టు ఆడవాళ్లందరినీ వేసుకుని వచ్చింది. కొడుకు దేవుని కథ రాశాడంటే మాటలా? వాడి చెల్లె దీప్తి మా క్యాంపస్‌లోనే డిగ్రీ ఫస్టియర్. కత్తి పట్టుకుని తోట వాకిట్లో నిలబడే దేవదూతకు ఆ పొద్దున్నే జ్వరం తగిలితే, సార్ దీప్తికి తెల్ల డ్రెస్సు తొడిగి, వెండి కాగితం చుట్టిన అట్ట కత్తి చేతికిచ్చారు. ముందు వరుసలో పాండురంగం గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన కూర్చున్న తీరు చూస్తే బట్టల కుట్టు సరిచూడటానికి వచ్చిన మనిషి అనిపించింది.

తెర లేచింది. ఏదెను తోట. వెనక అరటి మొక్కలు, మధ్యలో కొమ్మలకు సీతాఫలాలు దారంతో కట్టిన చెట్టు. నేను చెమ్కీ పడగతో జరజరా పాకుతూ వచ్చాను.

హాలంతా నన్ను అసహ్యించుకోవాలి. లోకంలో పాపం పుట్టించే జంతువును కదా. కానీ రెండో వరుసలో యాకమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"నాగేంద్రా, చల్లగ చూడు సామీ!"

ఆమె లేవగానే ఆ వరుసంతా లేచింది. ఎవరో కొప్పులోని పూలు తీసి స్టేజీ అంచున పెట్టారు. ఒకామె మనవడి తల వంచి, "చెవు నొప్పి తగ్గాలెనని మొక్కురా" అంటోంది. నేను మానవజాతిని చెడగొట్టడానికి వచ్చాను, వాళ్లు నాతో చెవినొప్పి తగ్గించుకుంటున్నారు. ఏం చేయను? పడగ ఊపి ఆశీర్వదించాను. మైకులోంచి సదానందం సార్ గొంతు, "ఒరేయ్ సుదర్శన్, నువ్వు సైతాన్‌వురా" అని గుసగుసగా హాలంతా వినపడింది.

యమున పండు కోసింది. తిన్నది. ఆకుపచ్చ చీరలో ఎంత బాగుందో చెప్పడం నా పని కాదు, చెప్పాల్సినవాడు పక్కనే కర్రలా నిలబడి ఉన్నాడు. సగం విరిచి వాడికిచ్చింది. వేళ్లు తగలకుండా ఇచ్చింది. వాడు నోట్లో పెట్టుకున్నాడు. అంతలోనే ఉరుము శబ్దం, వెనక నుంచి దేవుడి గొంతు. దేవుడు కూడా సదానందం సారే.

"ఆదామూ! తినవద్దన్న పండు తిన్నావా? ఎందుకు తిన్నావు?"

భాను నోటి నిండా గింజలు. అరచేతిలోకి ఒక్కొక్కటే ఊస్తున్నాడు. హాల్లో నవ్వులు. దేవుడు మళ్లీ అడిగాడు. వాడు అన్నీ ఊసేసి పంచెకు చేయి తుడుచుకున్నాడు, జరీ పంచెకు. పాండురంగం గారి కనుబొమలు పైకి లేచాయి.

అప్పుడు భాను దేవుడి గొంతు వచ్చే వైపు తిరగలేదు. స్టేజీ ముందుకు వచ్చాడు. ముందు వరుసలో పాండురంగం గారి కళ్లలోకి చూస్తూ పాడాడు.

కోరింది నేనయ్య కొరికింది నేను
వేరెవ్వరును లేరు వేయుము శిక్ష

"ఇది స్క్రిప్టుల లేదు గదరా" అన్నాడు దేవుడు మైకులో.

పాండురంగం గారు కట్టుకున్న చేతులు విప్పారు. యమున వాడినే చూస్తోంది. ఇప్పుడు హవ్వ వంతు. 'పాము నన్ను మోసగించినది ప్రభూ' అని ఆమె నన్ను చూపించాలి. ఆమె మైకు దగ్గరికి వచ్చింది.

"అతనొక్కడే కాదు ప్రభూ. నేనూ తిన్న. నాకూ తినాలెననే ఉండె. ఇద్దరం కలిసే తిన్నం."

నా మీద ఎవరూ నేరం మోపలేదు. ఆ కథ పుట్టినప్పటి నుంచి ఏ పాముకూ ఇంత మంచి రోజు వచ్చి ఉండదు. దేవుడికి మాత్రం ఏం చేయాలో తోచలేదు. కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. చివరికి, "అట్లయితే... ఇద్దరూ తోట విడిచి పోండి!" అన్నారు సార్.

స్టేజీ పక్కన మెట్ల దగ్గర అట్టతో చేసిన వాకిలి ఉంది. దీప్తి కత్తి పట్టుకుని నిలబడింది. భాను, యమున తల దించుకుని ఏడుస్తూ ఆ వాకిలి దాటాలి. ఇద్దరూ దాని ముందుకు వచ్చి నిలబడ్డారు. కొత్త పట్టుచీర, జరీ పంచె, ముందు వాకిలి. అడ్డంగా చెల్లె.

మా దిక్కు పెళ్లయిన జంట గడప ముందుకు వస్తే ఆడబిడ్డ అడ్డం నిలబడుతుంది. పిల్ల మొగుడి పేరు, పిల్లగాడు పెళ్లాం పేరు చెప్పేదాకా దాటనివ్వదు. యాకమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాకిట్లో జంట నిలబడితే ఆమెకు తెలిసింది అదొక్కటే. ఉండబట్టలేక మళ్లీ లేచింది.

"ఏందే దీప్తీ, ఊకెనే పోనిస్తానవ్? పేర్లు చెప్పియ్యవా?"

వాడకట్టు ఆడవాళ్లంతా ఒక్కసారి అందుకున్నారు. "ఆఁ, చెప్పియ్యాలె! పేర్లు చెప్పినంకనే!"

దేవుడు మైకులో బతిమిలాడాడు. "అమ్మా, ఇది లోపలికి వచ్చే సీను కాదు. బయటికి పోయే సీను."

"వాకిలి వాకిలే గద సారూ" అంది యాకమ్మ.

హాలంతా చప్పట్లు, ఈలలు. దీప్తికి ఇక ఆగలేదు. కత్తి అడ్డం పెట్టి, "అన్నా, ముందుగాల నువ్వు చెప్పు" అంది.

భాను యమున వైపు తిరిగాడు. హవ్వ అంటే సరిపోయేది. నాటకం అయిపోయేది, అందరం ఇళ్లకు పోయేవాళ్లం.

"యమున" అన్నాడు.

ఈలలు ఆగిపోయాయి. నాటకంలోది కాని పేరు హాలంతా విన్నది.

"వదినా, ఇగ నువ్వు" అంది దీప్తి. అన్నాక నాలుక కరుచుకుంది.

యమున ముందు వరుసలోని తండ్రిని చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నారు. ఆదాము అంటే చాలు. అదీ పేరే, అందులో అబద్ధం లేదు. తండ్రికి తలవంపు లేదు, రేపు చౌరస్తాలో ఎవరూ ఏమీ అనరు. నా పడగ కింద చెమట కారిపోతోంది. చెప్పవే తల్లీ అని నాలో నేనే మొక్కుకున్నాను, అప్పటికి నన్ను మొక్కినవాళ్లంతా నాకు సాయం పట్టాలని.

ఆమె తల ఎత్తింది.

"మా డాడీ పేరు పాండురంగం. నా పేరు యమున." పక్కనున్నవాడి మొహంలోకి చూసి నవ్వింది. "ఈయన పేరు భానుచందర్."

దీప్తి కత్తి దించి పక్కకు జరిగింది. యాకమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. కొడుకు రాసింది దేవుని కథ అనుకుని వచ్చిన మనిషి, కోడలిని చూసుకుంది. దేవుడికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. "ఏడ్వండి, ఏడ్వండి" అని మైకులో గుర్తు చేస్తున్నాడు. వాళ్లిద్దరూ నవ్వుతున్నారు.

పాండురంగం గారు లేచారు. ఆయన మెల్లగా నడుచుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చి, అట్ట వాకిలికి అవతలి వైపు నిలబడ్డారు. భానును పంచె నుంచి తల దాకా చూశారు. పంచె మీద సీతాఫలం మరక దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది.

"ముందుగాల చదువు, నౌకరి. తర్వాత మీ ఇంటోళ్లను తీసుకొని మా ఇంటికి రా. అప్పుడు మాట్లాడుదాం."

"సరే అంకుల్. నేనే వస్త" అన్నాడు భాను.

యమున కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయింది. చీర బరువుకు తూలింది. భాను పక్కనే నిలబడి, పట్టుకోవాలో వద్దో తెలియక, పెద్దాయన మొహం చూస్తున్నాడు.

"నా దిక్కు ఏం చూస్తానవ్ పిలగా?" అన్నారు పాండురంగం గారు. "మెట్లున్నయ్. పిల్ల చెయ్యి పట్టుకో."